బాబిలోన్‌కు మన్ను కలిపిన మునుసామి

మునుసామి చేసిన రాజులందరూ పడుకునే ఉన్నారు. ముప్పై ఒక్క ఏళ్లలో, కరోనా రెండేళ్లు తీసేస్తే, ఇరవై తొమ్మిది మంది. అందరూ దుర్యోధనులే.

ధర్మపురి నుంచి పాపారపట్టి పోయే దోవలో ఉన్న ఆ ఊళ్లో, ద్రౌపదమ్మ గుడి దగ్గర ఏటా తమిళ చిత్తిర నెలలో పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. ఆఖరి రోజు పొద్దున్నే గుడి ఎదుటి మైదానంలో నలభై అడుగుల మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. భీముడి వేషం కట్టినవాడు ఎక్కి గదతో తొడ మీద కొడతాడు. తొడలో దాచిన కుండ పగిలి, పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు కారతాయి. ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని రాజు చుట్టూ తిరిగి కొడతారు. ఆ తరువాత అయిదు ఊళ్ల జనం మీదపడి, తలా పిడికెడు మన్ను రాజు ఒంటి నుంచి తీసుకుపోయి రాగుల కుండలో వేసుకుంటారు. ఏడాదంతా కుండ అడుగు కనపడదని నమ్మకం. మధ్యాహ్నానికి మైదానంలో రాజు ఉండడు.

మునుసామికి భూమి లేదు. మిగతా పదకొండు నెలలూ కూలికి పోయేవాడు: పసుపు తవ్వడానికి, చెరకు నరకడానికి, ఇల్లు కట్టేచోట ఇసుక మోయడానికి. ఆ ఒక్క నెల మాత్రం ఆయన్ను కూలికి పిలిచేవాళ్లు లేరు. ఈ రాజును చేసే పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. ముందు చేసే పెద్దాయనకు చెయ్యి పడిపోతే, నీళ్లు మోసే మునుసామే మన్ను పట్టుకున్నాడు. మొదటి ఏడు రాజు ముక్కు రాలిపోయింది. జనం నవ్వారు. రెండో ఏడు ముక్కులో చింత పుల్ల గుచ్చి మన్ను పెట్టాడు. మూడో ఏడు పుల్ల అక్కర్లేకుండానే నిలబెట్టాడు.

అసలు పనితనం తొడలో ఉంది. పైపొర మరీ ఎండితే భీముడు రాకముందే నెర్రెలు పడుతుంది. పచ్చిగా ఉంటే గద దిగబడుతుంది, భీముడు దాన్ని పీక్కోలేక నిలబడతాడు, జనం ఈల వేస్తారు. ఒక్క దెబ్బకు పగలాలి. అందుకే మునుసామి ముందు రోజు సాయంత్రం తొడ మీద తడిగుడ్డ కప్పి, అరచెయ్యి ఆనించి, ఎంతసేపు ఉంచాలో చేత్తోనే తెలుసుకునేవాడు. ఎట్ల తెలుస్తుంది అని అడిగితే, "చెప్పేదానికి రాదు. వచ్చి పట్టుకో" అనేవాడు.

ఈ ఏడు మాఘమాసంలో గుడి కమిటీలో ఒక మాట పుట్టింది. మట్టితో ఎందుకు, ఫైబర్‌తో చేయిస్తే ప్రతి ఏడూ వాడుకోవచ్చు కదా అని. కమిటీ పెద్ద సీనప్ప. బోరు బావీ, కొబ్బరి తోటా ఉన్న రైతు. మునుసామి పోయి అడిగితే "చూస్తాం లేరా, ఇంకా ఏమీ అనుకోలేదు" అన్నాడు. ఆ చూస్తాం అన్న మాట పట్టుకుని మునుసామి నెల రోజులు తిరిగాడు. ఆయనకు అరవై మూడేళ్లు. ఆ నెల పోతే, పన్నెండు నెలలూ కూలివాడే.

అప్పుడే సీనప్ప కోడలు శశికళ కబురు పెట్టింది. ఆమె ధర్మపురి పక్కన సోగత్తూరు దోవలో ఉన్న ప్రైవేటు బడిలో చరిత్ర టీచరు. బడిలో ఎగ్జిబిషన్. ఆమె క్లాసుకు ఒక పాత నగరం చేసి చూపించాలి. అందరూ థర్మకోల్ అన్నారు. ఆమె మునుసామి అంది.

"ఇది బాబిలోన్ మామా. రెండున్నర వేల ఏళ్ల కిందట పెద్ద రాజ్యం" అని ఫోన్‌లో బొమ్మ చూపించింది.

మునుసామి ఫోన్ దూరంగా పెట్టి చూశాడు. "గోడ ఏంటితో కట్టినారమ్మా?"

"ఇటుకతో. అక్కడ రాయి దొరకదంట. అంతా మన్నే."

మునుసామికి ఆ ఊరి మీద గౌరవం కలిగింది. "మీ మామ వస్తాడా దీన్ని చూసేదానికి?"

"ఆయనే చీఫ్ గెస్ట్" అంది శశికళ. ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలుసు.

మునుసామి పన్నెండు రోజులు పనిచేశాడు. బడి వెనక ఖాళీ స్థలంలో ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. చెరువు మన్ను జల్లించి, ఊక కలిపి, రెండు రోజులు తొక్కి, ఒక రోజు నాననిచ్చి మొదలుపెట్టాడు. జత గోడలు, మధ్యలో బొమ్మ బండి తిరిగేంత చోటు. ఉత్తరాన నీలం వాకిలి. నీలం కోసం బట్టలకు వేసే నీలిమందును సున్నంలో కలిపాడు. వాకిలి మీద ఎద్దులూ, పాము తల ఉన్న ఒక జంతువూ. "దీనికి ముందు కాళ్లు పులివి, వెనక కాళ్లు గద్దవి పెట్టినారే, నడిచేది ఎట్ల?" అని గొణిగి, నడవగలిగేట్టుగా కొంచెం సర్ది చేశాడు. నడిమి నుంచి నది. నదికి ప్లాస్టిక్ షీటు పరుద్దామంటే ఒప్పుకోలేదు. బంకమన్ను మెత్తి గులకరాయితో రుద్దాడు. డ్రమ్ముడు నీళ్లు పోస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క దిగలేదు.

శశికళ సాయంత్రం బడి వదిలాక వచ్చి కూర్చునేది. ఆయన గోడకు అంచులు తీస్తుంటే కథ చెప్పేది.

"ఈ గోడను ఎవరూ పగలగొట్టలేరని వాళ్ల ధైర్యం మామా. పారసీకుల రాజు సైరస్ దండెత్తి వచ్చినాడు. గోడ జోలికే పోలేదంట."

"మరి ఎట్ల దూరినాడు?"

"గ్రీకు దేశంలో ఒకాయన రాసినాడు. నదిని ఎగువన పక్కకి తిప్పేసినారంట, మనం పొలం కాలవకి మడవ తిప్పినట్టు. నీళ్లు తొడ లోతుకి దిగినాయి. నదిలోనే నడిచి వచ్చేసినారు. ఆ రోజు ఊళ్లో పండగ. అంచున ఉండే వీధులు పట్టుబడినా నడిమి వీధుల వాళ్లకి తెలియనే తెలియదంట. ఆడతా పాడతా ఉన్నారంట."

"తొడ లోతా?" మునుసామి నవ్వాడు. "యాడ పోయినా తొడ దగ్గరే వస్తుంది రాజుకి." వెంటనే నది ఎగువన పక్కకు ఒక గుంట తవ్వి, చెక్క పలకతో చిన్న తూము పెట్టాడు. పలక ఎత్తితే నది నీళ్లు గుంటలోకి జారి, బొమ్మ సైనికుల తొడ దాకా దిగి ఆగాలి. మూడుసార్లు సరిచూసుకున్నాడు.

"కానీ అది కట్టుకథ అనేవాళ్లూ ఉన్నారు" అంది శశికళ. "ఆ ఊరివాళ్లే మట్టి పలక మీద రాసిపెట్టుకున్నారు. దాంట్లో నది మాటే లేదు. యుద్ధం లేకుండా లోపలికి వచ్చినారు అని ఉంది. సైరస్ వచ్చిన రోజు దోవలో పచ్చ కొమ్మలు పరిచినారంట."

మునుసామి చెయ్యి ఆగింది. "ఇంత గోడ కట్టుకుని, ఒక్కడు కూడా కొట్లాడలేదా?"

"ఊరి బయట ముందే ఒక యుద్ధం జరిగింది. ఊళ్లో మాత్రం లేదు."

"సొంత రాజు చెడ్డోడా?"

"చెడ్డోడు అనలేం మామా. ముసలాయన. నబొనిదస్ అని పేరు. పాత గుళ్లంటే పిచ్చి. పడిపోయిన గుడిని తవ్వించి, అన్నిటికన్నా కింద ఉండే మొదటి ఇటుక దొరికేదాకా తవ్వి, దాని మీదే సరిగ్గా మళ్లీ కట్టించేవాడు. ఒక వేలు అటు పోకూడదు, ఒక వేలు ఇటు పోకూడదు అని."

"అట్లే కదా కట్టాల. పని తెలిసినోడు."

"అవును. కానీ పదేళ్లు ఎడారిలో పోయి కూర్చున్నాడు. రాజు లేకపోతే ఊరి పెద్ద పండగ చెయ్యకూడదు. పదేళ్లు పండగ లేదు. తరువాత వచ్చినాడు. సైరస్ వస్తున్నాడని తెలిసి, చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లందరినీ బాబిలోన్‌కి తెప్పించి పెట్టుకున్నాడు."

"మంచిదే కదమ్మా. గట్టి గోడ ఉండేది ఇక్కడే. కాపాడినాడు."

"ఆయన అట్లే అనుకున్నాడేమో. ఆ ఊళ్లవాళ్లకి ఎట్లుంటుంది? మన ద్రౌపదమ్మని ఎత్తుకుపోయి, మీ ఊళ్లో సరిగ్గా చూసుకోరు, నేను చూసుకుంటాను అంటే? సైరస్ వచ్చినాక, ఎవరి దేవుళ్లు వాళ్ల ఊళ్లకి తిరిగి పోయినారంట. వాడు పరాయోడే. అయినా జనానికి వాడే మేలనిపించింది."

మునుసామి ఎండిపోతున్న గోడ అంచును తడిచేత్తో చాలాసేపు రుద్దాడు. అప్పటికే అది నున్నగా ఉంది.

ఆయనకు గుర్తొచ్చింది ఇది. దుర్యోధనుడికి మన్ను ఎప్పుడూ అయిదు ఊళ్లదీ కలిపేవాళ్లు. పండగ పదకొండో రోజు ఒక్కో ఊరి నుంచి ఒక ఆడమనిషి తమ చెరువు మన్ను గంపలో నెత్తిన పెట్టుకుని, డప్పులతో వచ్చి మైదానంలో పోసేది. ఆ మన్ను కలిపితేనే రాజు అందరి రాజు. అయిదేళ్ల కిందట పదిహేడో రోజు రాజు రొమ్ము అడ్డంగా పగిలింది. మునుసామి పగులులో వేలు పెట్టి చూశాడు. ఇసుక. మేట్టూరు మాదమ్మ గంపలోది. ఊరి పేరుకు తగ్గట్టు మెట్ట మీది ఊరు, చెరువులో బంక లేదు. అందరి ముందూ ఆమెతో అనేశాడు: "ఈ మన్ను గోడ పూసేదానికి కూడా పనికి రాదు. దీన్ని నెత్తిన పెట్టుకుని డప్పు కొట్టించుకుంటా వచ్చినావా?"

మరుసటి ఏడు గంపలు వద్దన్నాడు. తనే చెరువు ఎంచుకుని ట్రాక్టర్‌తో మన్ను తోలించాడు. రాజు అద్భుతంగా వచ్చాడు. తొప్పూరు నుంచి కూడా జనం చూడ్డానికి వచ్చారు. ఆ నాలుగేళ్లూ ఒక్క పగులు లేదు. గంపల సంగతి ఎవరూ అడగలేదు. అడగలేదంటే ఒప్పుకున్నారనే మునుసామి అనుకున్నాడు.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నుంచి మునుసామి తూము దగ్గరే కూర్చున్నాడు. ప్రతి గుంపు రాగానే పలక ఎత్తేవాడు, నీళ్లు దిగేవి, పిల్లలు సైనికులను నడిపించేవాళ్లు, బాబిలోన్ పడిపోయేది. మళ్లీ నీళ్లు నింపేవాడు. మధ్యాహ్నానికి పదిహేడుసార్లు పడింది.

సీనప్ప తెల్ల పంచెలో, మెడలో బడివాళ్లు వేసిన శాలువాతో వచ్చాడు. నగరం చుట్టూ తిరిగాడు. వంగి నీలం వాకిలిని చూశాడు. "ఏయ్, ఏం పనిరా ఇది! నీ చేతిలో ఏముందిరా మునుసామీ!" అని నిజంగానే మెచ్చుకున్నాడు. ఫోన్ తీసి వీడియో పట్టుకున్నాడు.

"అన్నా" అన్నాడు మునుసామి, చేతులు నీళ్లలో కడుక్కుంటూ. "చిత్తిర నెల దగ్గరికి వస్తా ఉంది. మన్ను ఇప్పుడే చూసి పెట్టుకోవాల."

సీనప్ప ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అదేరా... సేలంలో ఫైబర్ బొమ్మకి చెప్పేసినాం. వచ్చే వారం లారీ ఎక్కుతుంది."

"చూస్తాం అంటిరే."

"మీటింగ్ పెట్టినాం కదా. అయిదు ఊళ్ల వాళ్లనీ పిలిచి అడిగినా. ఎవరికైనా మట్టి రాజే కావాలా, చెప్పండి, నేను అడ్డం లేను అని. ఒక్కడూ నోరు తెరవలేదురా. అంతేకాదు, ఫైబర్‌ది అయితే వాన పడినా చెడదు అని చప్పట్లు కొట్టినారు."

"ఒక్కరు కూడా?"

"ఒక్కరు కూడా. నీ మీద కోపం ఏం లేదురా ఎవరికీ." సీనప్ప ఆయన భుజం తట్టాడు. "ఒకటి ఉంది. ఫైబర్ తొడ పగలదు కదా. అక్కడ గుంట వదలమని చెప్పినాం. తొడ మాత్రం నువ్వు మట్టితో చెయ్యి. నువ్వు తప్ప ఎవరికీ రాదు అది."

శశికళ తల దించుకుని నిలబడింది. మునుసామి మళ్లీ పలక మూసి నదిలో నీళ్లు పోశాడు. వెనకాల ఇంకో గుంపు నిలబడి ఉంది.

రెండు రోజుల తరువాత భార్య పెరుమాయికి కూడా చెప్పకుండా మునుసామి ఒక గంప చంకన పెట్టుకుని మేట్టూరుకు నడిచాడు. తొడ ఒక్కటే అయినా అయిదు ఊళ్ల మన్నుతో చేద్దామని. ఊళ్లు గంపలు తెస్తే, గంపలు చూసినవాళ్లకు పాతది గుర్తొస్తుందని. గుర్తొస్తే వచ్చే ఏడు ఎవరైనా ఒకరు నోరు తెరుస్తారని. అంతే ఆశ.

మాదమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఆయన్ను చూసి లేవలేదు. "రా మునుసామన్నా. నీళ్లు తాగుతావా?"

"తాగుతాను. అక్కా, ఈసారి మీ ఊరి మన్ను కావాల."

మాదమ్మ కాయ పగలగొట్టింది. "మా మన్నా? గోడ పూసేదానికి కూడా రాదంటివే. ఈ అయిదేళ్లలో తీపయిపోయిందా?"

"నేను అన్నది తప్పే."

"తప్పు కాదన్నా. నిజమే అన్నావు. మా మన్నులో ఇసుకే. ఆ పొద్దు ఇంటికి వచ్చి నేనే పిసికి చూసినా." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని మునుసామికి అనిపించింది. "మంచి మన్ను కావాలంటే నువ్వు తెచ్చుకున్నావు. మంచి రాజు కావాలంటే వాళ్లు తెచ్చుకున్నారు. నీకో న్యాయం, వాళ్లకో న్యాయమా?"

"మీటింగ్‌లో నువ్వు ఉన్నావా?"

"ఉన్నాను. చప్పట్లు కూడా కొట్టినాను."

"ఆ గంప ఉందా అక్కా? డప్పులతో తెచ్చేదే."

ఆమె మోచేత్తో ఇంటి మూల వైపు చూపించింది. గంప బోర్లా పడుంది. దాని కింద కోడి పొదుగుతోంది. "ఇప్పుడు తీయకూడదు. పది గుడ్లు పెట్టినా."

మిగతా మూడు ఊళ్లలో ఇంతమాత్రం మాట కూడా జరగలేదు. ఒకచోట గంప మోసే ముసలామె చనిపోయి రెండేళ్లయింది. ఒకచోట చెరువు ఎండి, లోపల క్రికెట్ ఆడుతున్నారు. ఒకచోట కాఫీ ఇచ్చి, ఫైబర్ దుర్యోధనుడి ఫోటో ఫోన్‌లో చూపించి, "మీసం చూడు మామా, సినిమా హీరో మాదిరి ఉండాది!" అన్నారు. వాళ్లు ఆయన్ను ఎగతాళి చెయ్యడానికి అనలేదు. ఆయన కూడా సంతోషపడతాడనుకునే చూపించారు.

మునుసామి ఖాళీ గంపతో ఇంటికి వచ్చాడు.

తొడ తన ఊరి మన్నుతోనే చేశాడు. చెడగొట్టి చెయ్యాలని ఒక క్షణం అనుకున్నాడు, దాచేదేముంది. ఇంకో గంట ఎండనిస్తే చాలు, భీముడు ఎక్కకముందే నెర్రె పడుతుంది, మన్ను తెలిసిన చెయ్యి లేకపోతే రాజు ఏమవుతాడో అందరికీ తెలుస్తుంది. తడిగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మన్ను మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి దానంతట అదే చెప్పింది, ఇంక ఆరకూడదు అని. మళ్లీ గుడ్డ కప్పేశాడు.

ఆఖరి రోజు పొద్దున మైదానం నిండా జనం. సేలం రాజు గులాబీ రంగు ఒంటితో, మెరిసే కిరీటంతో పడుకుని ఉన్నాడు. నాలుగు ముక్కలు బోల్టులతో బిగించారు. భీముడు ఎక్కి గద ఎత్తి ఒక్క దెబ్బ కొట్టాడు. తొడ నిలువునా పగిలింది. ఎర్రనీళ్లు ఫైబర్ ఒంటి మీదుగా మట్టిలో కంటే బాగా జారాయి, ఇంకకుండా, అందరికీ కనపడేట్టుగా. ఫోన్లన్నీ పైకి లేచాయి. అన్నేళ్లలో ఇంత శుభ్రంగా తొడ పగలడం చూడలేదని పెద్దవాళ్లే అన్నారు. మునుసామి చేసిన తొడ వల్ల ఆ కొత్త రాజు గెలిచాడు.

ఆడవాళ్లు చీపుర్లతో కొడితే డబ్బా మోగినట్టు మోగింది. పిల్లలకు అది ఇంకా నచ్చింది.

మునుసామి మైదానం చివర నిలబడి ఒక్కదాని కోసం చూస్తున్నాడు. ఇప్పుడు మన్ను అడుగుతారు కదా. రాగుల కుండలోకి పిడికెడు మన్ను లేకుండా ఎవరూ ఇంటికి పోరు. తొడలో ఉన్న మన్ను పదిమందికి కూడా రాదు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, ఏమయ్యా సీనప్పా, మా మన్ను ఏదీ అని.

మైకులో సీనప్ప గొంతు వినిపించింది. "ప్రసాదం మన్ను గుడి పక్కన ట్రాక్టర్ దగ్గర ఇస్తాం. తోసుకోకుండా లైనులో రావాల. ఆడవాళ్లు ముందు."

గుడి పక్కన ట్రాక్టర్ నిండా మన్ను ఉంది. దాని మీద పసుపు నీళ్లు చల్లారు. కమిటీవాళ్లు చిన్న ప్లాస్టిక్ సంచుల్లో కట్టి అందిస్తున్నారు. లైను రోడ్డు దాకా పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. చెయ్యి మురికి కాకుండా ఇస్తున్నారని ఒకామె మెచ్చుకుంది. లైనులో మాదమ్మ కనపడింది. ఆయన్ను చూసి తల ఊపి ముందుకు కదిలింది.

సీనప్ప ఎదురొచ్చి మునుసామి చెయ్యి పట్టుకున్నాడు. "తొడ అదరగొట్టినావురా! సేలం వాళ్లు కూడా చూసి పోయినారు. వచ్చే ఏడికి స్ప్రింగ్ పెట్టి, వాళ్లే తొడ పగిలేట్టు చేసిస్తారంట. నీకు కూడా ఈ వయసులో కష్టం తప్పుతుంది."

"సరే అన్నా" అన్నాడు మునుసామి.

ఇంటికి వచ్చేసరికి పెరుమాయి ముందే వచ్చి ఉంది. రాగుల కుండ పక్కన ప్లాస్టిక్ సంచి.

"నువ్వు కూడా లైనులో నిలబడినావా?"

"నిలబడక? ఏడాదంతా కుండ ఎట్ల నిండుతుంది?" అంది పెరుమాయి. "నువ్వు తెస్తావని చూసినా. నువ్వు యాడో నిలబడి ఆకాశం చూస్తా ఉన్నావు."

మునుసామి సంచి విప్పి పిడికెడు తీసుకున్నాడు. చెంబులో నీళ్లు రెండు చుక్కలు చిలకరించి పిసికాడు. ఉండ చుట్టబోతే విడిపోయింది. వేళ్ల మధ్య గరగరలాడింది.

"ఇది మేట్టూరు మన్ను" అన్నాడు.

"అవునంట. రోడ్డు పనికి ఆ చెరువు తవ్వుతా ఉన్నారంట, అక్కడి నుంచే తోలించినారు. ఏం, బాగాలేదా?"

"ఇసుక."

"ఉండనీ. రాగులకి తెలుస్తుందా?" పెరుమాయి ఆయన చేతిలోది కూడా తీసుకుని, కుండలో వేసి మూత పెట్టింది. "చెయ్యి కడుక్కో పో. రేపు పొద్దున్నే చెరకు నరికేదానికి రమ్మని కబురొచ్చింది. వస్తావని చెప్పినా."

మునుసామి వాకిట్లోకి పోయి చేతులు కడుక్కున్నాడు. ఇసుక మన్ను కాబట్టి, ఒక్క చెంబుకే పోయింది.